చెక్కు తిరిగొచ్చిందా? నోటీసు దాచకండి

2025 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు చెక్కు బౌన్స్ కేసుల మీద ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత పది రోజులు తిరక్కుండానే, అక్టోబరు 4న, రిజర్వు బ్యాంకు చెక్కుల క్లియరింగు పద్ధతిని మార్చింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే మన హూడి వైపు తెలుగు ఇళ్ళకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటి కనిపిస్తుంది. చెక్కు ఇప్పుడు ఇదివరకటికన్నా త్వరగా తిరిగొస్తుంది. తిరిగొచ్చాక వెంటనే కదిలినవాళ్ళకు దారి ఇదివరకటికన్నా సులువైంది. కదలనివాళ్ళకు మాత్రం ఏ సులువూ రాలేదు.

యూపీఐ వచ్చాక చెక్కులెవరు రాస్తున్నారు అని మన పిల్లలు అడుగుతారు. పాలకీ కూరగాయలకీ రాయడం లేదు, నిజమే. కానీ ఐటీపీఎల్ రాకముందు నుంచీ ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మనవి. చాలామంది మీద ఒక పాత ఇల్లో, రెండు పోర్షన్లో, పీజీకి ఇచ్చిన అంతస్తో ఉన్నాయి. లీజు గడువు తీరినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళకు లక్షల్లో తిరిగివ్వాలి. కొత్తవాళ్ళు వచ్చేలోగా చేతిలో డబ్బుండదు, కనుక ముందు తేదీ వేసి చెక్కు రాసిస్తాం. చీటీ పాడుకుంటే హామీకి చెక్కు. పెళ్ళికి చేబదులు తీసుకుంటే చెక్కు. మేస్త్రీకి, కలప దుకాణానికి బాకీ ఉంటే చెక్కు. వీటిలో చాలా మట్టుకు తేదీ లేనివి, కొన్నింటి మీద అంకె కూడా ఉండదు. సంతకం ఒక్కటే ఉంటుంది. మనవాళ్ళే కదా అన్న నమ్మకం మిగతా ఖాళీలను నింపుతుంది.

ఆ నమ్మకానికి ఇదివరకు రెండు మూడు రోజుల వెసులుబాటు ఉండేది. "ఈ రోజు చెక్కు వేసుకోండి, రేపటికి ఖాతాలో డబ్బు వేస్తాను" అంటే కొన్నిసార్లు గడిచిపోయేది. అక్టోబరు 4 నుంచి చెక్కులు వచ్చినవి వచ్చినట్టు క్లియరింగుకు వెళ్తున్నాయి. చెల్లిస్తారో తిప్పి పంపుతారో బ్యాంకు ఆ సాయంత్రం ఏడు లోపలే చెప్పాలి. రేపటి డబ్బును నమ్ముకుని ఈ రోజు చెక్కు ఇచ్చే అలవాటుకు ఇక కాలం చెల్లింది.

చట్టం ఏమంటుంది

చెక్కుల చట్టం 1881 నాటిది. అయినా చెక్కు చెల్లకపోవడం నేరం కావడం మాత్రం ఆ తర్వాత వందేళ్ళకు పైగా గడిచాక జరిగింది. 1988లో సవరణ చేసి 138వ సెక్షను చేర్చారు, 1989 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మొదట్లో ఏడాది వరకు ఉన్న జైలుశిక్షను 2002 సవరణ రెండేళ్ళకు పెంచింది. జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా వేయవచ్చు. జైలు, జరిమానా రెండూ కూడా వేయవచ్చు.

చెక్కు తిరిగొచ్చిన క్షణాన నేరం పూర్తి కాదన్నది చాలామందికి తెలియని విషయం. చెక్కు పుచ్చుకున్నవారు బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు చేతికందాక చెక్కు ఇచ్చినవారికి 15 రోజులు గడువు. ఆ 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేస్తే నేరమే లేదు. కట్టకపోతేనే నేరం. అప్పుడు అవతలివారు నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి.

అంటే ఆ 15 రోజులూ చట్టం మనకిచ్చిన తలుపు లాంటివి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్ళల్లో కవరు బీరువాలోకి పోతుంది. ఇంటావిడకు తెలిస్తే కంగారు పడుతుందనో, అల్లుడికి తెలిస్తే చులకనవుతామనో, సంఘంలో పదిమందీ చెప్పుకుంటారనో దాచిపెడతారు. కొందరు పోస్టుమాన్‌కు "ఇంట్లో లేరని చెప్పండి" అంటారు. దానివల్ల లాభమేమీ లేదు. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపిన నోటీసును తీసుకోకుండా తప్పించుకుంటే అందినట్టే లెక్క. 2007లో సీ.సీ. అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. నిజంగానే నోటీసు అందలేదనేవారికి కూడా అదే తీర్పు ఒక దారి చూపింది. కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టి, కట్టినట్టు కోర్టుకు చెప్పుకోవచ్చు. అప్పుడూ కట్టనివాళ్ళు నోటీసు రాలేదని వాదించడానికి ఉండదు.

మన రాష్ట్రం నుంచే రెండు కేసులు

మౌనం ఎంత ఖరీదైనదో చెప్పడానికి కర్ణాటక నుంచి వెళ్ళిన రెండు కేసులు చాలు.

మొదటిది రంగప్ప కేసు. బాకీ 45 వేల రూపాయలు, ఇల్లు కట్టుకునేటప్పుడు తీసుకున్న చేబదులు అని ఫిర్యాది మాట. ఆ చెక్కు పోయింది, అందుకే చెల్లింపు ఆపమని బ్యాంకుకు రాశానని చెక్కు యజమాని మాట. కింది కోర్టు ఆయనను వదిలేసింది, హైకోర్టు నేరం రుజువైందన్నది. 2010 మేలో సుప్రీంకోర్టు హైకోర్టు మాటనే నిలబెట్టింది. సంతకం తనదేనని ఒప్పుకున్నాక ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చారని చట్టం అనుకుంటుంది, కాదని చూపించే బాధ్యత సంతకం పెట్టినవారిదే అన్నది. నోటీసుకు ఆయన జవాబే ఇవ్వకపోవడాన్ని కూడా కోర్టు ఆయనకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకుంది. చెక్కు నిజంగా పోయి ఉంటే నోటీసు అందిన రోజే ఆ మాట కాగితం మీద ఉండాలి కదా అన్నది మామూలు మనిషికీ తట్టే ప్రశ్న.

రెండోది 2019 నాటి బసలింగప్ప కేసు. ఇందులో చెక్కు ఆరు లక్షలది. అప్పు ఇచ్చానంటున్నవారికి అంత డబ్బు ఇవ్వగల స్తోమతు ఆ రోజుల్లో ఉందా అని చెక్కు ఇచ్చినవారు ప్రశ్న లేవదీశారు. అవతలివారు దానికి సరైన ఆధారం చూపలేకపోయారు. సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చింది. మనకు అనుకూలంగా అన్నీ రుజువు చేసుకోనక్కర్లేదు, నమ్మదగిన అనుమానం ఒకటి లేవదీస్తే చాలు అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే చెక్కు కేసులో వాదన ఉన్నవాళ్ళకు కూడా చోటుందని అర్థమవుతుంది. ఆ వాదన వేళకు కాగితం మీదికి రావాలి, అంతే.

"ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకె వాళ్ళే వేసుకున్నారు" అన్నది మనవాళ్ళ దగ్గర ఎక్కువగా వినిపించే మాట. అది ఒక్కటే కాపాడదు. మనసారా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కుకు కూడా చట్టం ఇచ్చే ఆ అనుకోలు వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పారు. "హామీగా ఇచ్చాను" అన్న మాట సంగతీ అంతే. మన తెలుగాయన సంపెల్లి సత్యనారాయణరావు కేసులో, 2016లో, రుణం చేతికొచ్చాక వాయిదాల కోసం ఇచ్చిన చెక్కులను హామీ అని పిలిచినంత మాత్రాన 138 తప్పదని సుప్రీంకోర్టు అన్నది. చెల్లింపు ఆపించినా, ఖాతా మూసేసినా ఇదే సెక్షను కిందికి వస్తుందని అంతకుముందే తేలిపోయింది.

కొత్త తీర్పులో ఏముంది

సెప్టెంబరు 25 నాటి సంజబీజ్ తారీ కేసు గోవా నుంచి వచ్చింది. అదీ స్నేహితుల మధ్య చేబదులే, ఆరు లక్షలు. స్నేహితుడికి బ్యాంకు రుణం రావడానికి సాయంగా ఖాళీ చెక్కు ఇచ్చానన్న వాదనను కోర్టు నమ్మలేదు. ఇక్కడ కూడా నోటీసుకు జవాబు ఇవ్వకపోవడం ఆయనకు నష్టం చేసింది. చివరికి ఏడున్నర లక్షలు నెలకు యాభై వేల చొప్పున 15 వాయిదాల్లో కట్టమన్నారు.

ఆ కేసు దాటి అందరికీ వర్తించేలా కోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. రాజీ చేసుకునేవారు అదనంగా కట్టవలసిన ఖర్చు వాటిలో ముఖ్యం. 2010లో దామోదర్ ప్రభు కేసులో పెట్టిన లెక్క ప్రకారం మొదటి ఒకటి రెండు వాయిదాలు దాటితే మేజిస్ట్రేటు కోర్టులోనే చెక్కు మొత్తంలో 10 శాతం అదనంగా కట్టాలి. సెషన్సు, హైకోర్టుల్లో 15 శాతం, సుప్రీంకోర్టులో 20 శాతం. ఇప్పుడు అది మారింది. నిందితుడి తరఫు సాక్ష్యం మొదలయ్యేలోపు చెక్కు మొత్తం కడితే అదనపు ఖర్చు లేకుండానే రాజీకి ఒప్పుకోవచ్చు. ఆ తర్వాత, తీర్పు రాకముందు కడితే 5 శాతం. సెషన్సులో గానీ హైకోర్టులో గానీ ఏడున్నర శాతం. సుప్రీంకోర్టులో 10 శాతం. ఈ అదనం న్యాయసేవల సంస్థకు వెళ్తుంది.

సమన్లలోనే "మొదట్లోనే చెక్కు మొత్తం కట్టేయవచ్చు" అని రాయాలని, క్యూఆర్ కోడు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టే ఏర్పాటు జిల్లా కోర్టులు చేయాలని కూడా చెప్పింది. నిందితుడు చెక్కు మొత్తం కట్టడానికి సిద్ధపడ్డా ఫిర్యాది అంతకుమించి కావాలని పట్టుబడితే, నిందితుడు నేరం ఒప్పుకుని మొదటిసారి తప్పు చేసినవారికి ఉపయోగపడే 1958 నాటి ప్రొబేషను చట్టం లబ్ధి పొందే దారి కూడా మేజిస్ట్రేటు చూడవచ్చన్నది. ఇది హక్కుగా దొరికేది కాదు, మేజిస్ట్రేటు విచక్షణ. కానీ జీవితంలో మొదటిసారి కోర్టు మెట్లెక్కే అరవై ఏళ్ళ మనిషికి ఈ మాట తెలియడం అవసరం.

కోర్టు ఇలా ఎందుకు ఆలోచిస్తోందంటే కేసుల బరువు అలాంటిది. 2021లో ఇవే కేసుల మీద అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులో ఒక లెక్క ఉంది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2 కోట్ల 31 లక్షల క్రిమినల్ కేసుల్లో 35 లక్షల 16 వేలు చెక్కులవే. నిజానికి ఇది డబ్బు తగాదా, దానికి క్రిమినల్ కేసు వేషం వేశారు అన్న అభిప్రాయం సుప్రీంకోర్టు తీర్పుల్లోనే ఉంది. 2020 జూన్‌లో దీన్ని నేరాల జాబితా నుంచి తీసేయాలని కేంద్ర ఆర్థికశాఖ ఒక ప్రతిపాదన కూడా తెచ్చింది. అది ముందుకు సాగలేదు. కనుక ఇది నేరంగానే ఉంది, ఉంటుందనుకునే నడుచుకోవాలి.

భయం ఎంత ఉండాలి

భయపడవలసిన చోట భయపడాలి, అక్కర్లేని చోట అక్కర్లేదు.

138 కేసులో పోలీసులు ఎఫ్ఐఆర్ రాసి ఇంటికొచ్చి పట్టుకుపోవడం ఉండదు. చెక్కు పుచ్చుకున్నవారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని చేపడుతుంది. ఇది బెయిలు హక్కుగా దొరికే నేరం. కాబట్టి "చెక్కు కేసులో అరెస్టు చేస్తున్నాం, వెంటనే డబ్బు పంపండి" అని ఫోనులో ఎవరైనా బెదిరిస్తే నమ్మవద్దు. మోసం చేశారని వేరే సెక్షను కింద పోలీసు ఫిర్యాదు ఇస్తే అది వేరే కేసు, దానికి వేరే లెక్క ఉంది.

సమన్లు వచ్చాక వాయిదాకు వెళ్ళకపోతే మాత్రం వారంటు వస్తుంది, ఆ వారంటుతో పోలీసులూ వస్తారు. హాజరు కాని రోజే అసలు చిక్కు మొదలవుతుంది. తప్పు లేదని నిలబడితే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు చెప్పవచ్చు, 2018 సవరణ ఆ అధికారం ఇచ్చింది. అయితే ప్రతి కేసులోనూ తప్పనిసరిగా వేయాలని లేదని 2024లో సుప్రీంకోర్టు వివరించింది. శిక్ష పడి అప్పీలుకు వెళ్తే, కింది కోర్టు వేసిన జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని అప్పీలు కోర్టు అడగవచ్చు.

కేసు ఎక్కడ నడుస్తుందన్నది మన కుటుంబాలకు మరీ ముఖ్యం. 2015 సవరణ తర్వాత చెక్కు పుచ్చుకున్నవారి ఖాతా ఏ శాఖలో ఉందో ఆ ప్రాంతపు కోర్టులో కేసు వేస్తారు. హూడిలో ఇచ్చిన చెక్కును చిత్తూరులో ఖాతా ఉన్న బంధువు అక్కడి తన ఖాతాలో వేసుకుంటే, వాయిదా వాయిదాకూ చిత్తూరు బస్సెక్కవలసింది మనమే. బెంగళూరులో ఖాతా ఉన్నవారైతే ఇక్కడి మేజిస్ట్రేటు కోర్టులో. వ్యవహారం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. బజారులో మాట్లాడే కన్నడం వేరు, కోర్టు కాగితపు కన్నడం వేరు. అర్థం కాని కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకూడదు.

ఇంటి ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. వ్యాపారం భర్తది, ఖాతా భార్య పేరున, చెక్కు మీద సంతకం ఆమెది అయిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. కేసు సంతకం పెట్టినవారి మీద వస్తుంది. ఉమ్మడి ఖాతాలో పేరుండి సంతకం పెట్టనివారి మీద కేసు నిలవదని 2013లో అపర్ణ షా కేసులో తేలింది. కనుక "ఇక్కడో సంతకం పెట్టు" అని అడిగేముందు, ఆ సంతకం ఎవరిని బోనులో నిలబెడుతుందో ఆలోచించాలి.

ఇంకొకటి. పాస్‌పోర్టు దరఖాస్తులో క్రిమినల్ కేసు పెండింగులో ఉందా అని అడుగుతారు. ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి చట్టంలో ఉంది, కోర్టు అనుమతి తెచ్చుకోవలసి వస్తుంది. అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్ళాలనుకునేవారికి ఇది చిన్న సంగతి కాదు. అలాగని దాచి రాయడం ఇంకా పెద్ద తప్పు.

డబ్బు రావలసినవారికి

చెక్కు ఇచ్చినవారూ మనవాళ్ళే, పుచ్చుకున్నవారూ మనవాళ్ళే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును నమ్మి చేతిలో పెట్టి, ఏళ్ళ తరబడి తిరుగుతున్న పెద్దలు మన సంఘంలో ఉన్నారు. ఒకరి పరువు కాపాడడం కోసం ఇంకొకరి డబ్బు పోవాలని మేము ఎన్నడూ అనం.

వారూ కాగితం సరిగా పెట్టుకోవాలి. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలలే గడువు. నోటీసుకు 30 రోజులు దాటనివ్వకూడదు. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మీది మొత్తమే అయివుండాలి, అంకె తేడా వస్తే నోటీసే చెల్లదని 2025 సెప్టెంబరు 19న కావేరి ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. మధ్యలో కొంత డబ్బు ముట్టి ఉంటే, పూర్తి మొత్తానికి ఉన్న చెక్కును అలాగే బ్యాంకులో వేయడం కుదరదని 2022లో తేలింది. ముట్టిన మొత్తాన్ని చెక్కు మీద రాసుకుని మిగిలిన దానికే వేసుకోవాలి. ఇటువైపు, కొంత కట్టినవాళ్ళు రసీదు తీసుకోవడం మరిచిపోకూడదు. ఇరవై వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా అప్పు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధమే. అంతమాత్రాన ఆ బాకీ మీద చెక్కు కేసు చెల్లదనడానికి వీల్లేదని సంజబీజ్ తారీ తీర్పే చెప్పింది.

కవరు వచ్చిన రోజు చేయవలసింది

ముందుగా కవరు మీద అందిన తేదీ రాసిపెట్టుకోవాలి, పదిహేను రోజులు ఆ తేదీ నుంచే. ఇంట్లో చెప్పాలి. బాకీ నిజమైతే, డబ్బు సమకూరితే, చెక్కు మొత్తం బ్యాంకు ద్వారానే కట్టి రసీదు, చెక్కు వెనక్కు తీసుకోవాలి. నగదుగా చేతికివ్వకూడదు. డబ్బు చాలకపోతే ఎంత, ఎప్పటికి కట్టగలరో వకీలు ద్వారా రాతపూర్వకంగా చెప్పాలి. వాయిదాలకు అవతలివారు ఒప్పుకుంటే ఆ ఒప్పందం కాగితం మీద ఉండాలి. వాయిదాల కోసమని మళ్ళీ కొత్త చెక్కులు రాసిచ్చేముందు ఆగి ఆలోచించాలి, అవీ తిరిగొస్తే ఒక కేసు నాలుగవుతుంది. బాకీ అబద్ధమైతే అదే 15 రోజుల్లో అదెందుకు అబద్ధమో జవాబు నోటీసు పంపాలి.

వకీలుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. కర్ణాటక న్యాయసేవల ప్రాధికార కార్యాలయం సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగులలో ఉంది. దేశమంతటికీ ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు ఉండదు, తగాదా అక్కడితో తీరిపోతుంది.

మా వంతుగా సంఘంలో మేము చేయగలిగింది కొంచెమే. కాగితం చదివి పెట్టగలం, ఏ తేదీలోగా ఏం చేయాలో రాసివ్వగలం, ఇద్దరూ ఒప్పుకుంటే పెద్దల సమక్షంలో కూర్చోబెట్టగలం. పంచాయితీ తీర్పులు చెప్పడం మా పని కాదు, ఎవరి పేరూ బయటికి పొక్కనివ్వం. అయితే ఇదంతా పదహారో రోజున వచ్చినవారికన్నా మూడో రోజున వచ్చినవారికే ఎక్కువ ఉపయోగపడుతుంది.